నడిపేవాళ్ళని అడక్కండి

పాత డీజిల్ బండి కొనాలనుకుంటున్నారా? అయితే ఒక్క జాగ్రత్త తీసుకోండి చాలు. రేపు ఆ బండిని ఎవరు నడపబోతున్నారో, వాళ్ళ అభిప్రాయం మాత్రం పొరపాటున కూడా అడక్కండి! ఇంటి ప్రశాంతతకీ, అన్నదమ్ముల అనురాగానికీ, అమ్మేవాడి ఆరోగ్యానికీ ఇంతకు మించిన మందు లేదు. స్వానుభవంతో చెబుతున్నాను.

మా ఇంట్లో బండి నడిపేది నేను. మావారు ఆఫీసుకి రైల్లో వెళతారు. ఆయన అన్నగారికి, అంటే మా బావగారికి, లైసెన్సు ఉంది గానీ అది పర్సులోంచి బయటికొచ్చి ఏళ్ళయింది.

మా అత్తగారికి మోకాలి ఆపరేషన్ అయింది. వారానికి మూడు పొద్దుటిపూటలు ఊరవతల ఆసుపత్రికి తీసుకెళ్ళి ఆ మోకాలు వంచే వ్యాయామం చేయించాలి. "మూడు నెలల పాటు ఒక్కరోజు కూడా మానకూడదు. మానితే కాలు కర్రలా బిగుసుకుపోతుంది" అన్నాడు డాక్టరు. మా చిన్న కారులో ఆవిడ కూర్చోవాలంటే కిందికి కూలబడాలి. కూలబడ్డాక కాలు చాపుకునే చోటుండదు. అందుకని ఎత్తు సీట్లున్న పెద్ద బండి, వాడినదైనా సరే, ఒకటి కొందామనుకున్నాం. అనుకున్నాం అంటే, వాళ్ళిద్దరూ అనుకున్నారు.

ఓ ఆదివారం పొద్దున్నే, మాట్లాడితే నోట్లోంచి పొగలొచ్చేంత చలిలో, బండి చూడ్డానికి బయల్దేరాం. గంట ముందే బావగారు అమ్మేవాడికి ఫోన్ చేశారు. "వస్తున్నామండీ. బండి రెడీగా పెట్టండి."

ఎంత మర్యాద! డీజిల్ ఇంజిన్ గుట్టంతా చల్లగా ఉన్నప్పుడు స్టార్ట్ చేస్తేనే బయటపడుతుందని నాకు డ్రైవింగ్ నేర్పినావిడ చెప్పింది. కానీ ఇంటికొచ్చేవాళ్ళకి చల్లారిపోయిన బండి ఎవరైనా చూపిస్తారా? అమ్మేవాడు చక్కగా వేడిచేసి పెట్టాడు. ఆ వీధిలో కుక్కలు సైతం చలికి చుట్ట చుట్టుకుని పడుకుంటే, ఓ పిల్లి మాత్రం ఆ బండి బానెట్ మీద నాలుగు కాళ్ళూ బారజాపుకుని నిద్రపోతోంది.

"ఇంజిన్ ముందే స్టార్ట్ చేసినట్టున్నారు. బానెట్ వెచ్చగా ఉంది" అన్నాను చెయ్యి పెట్టి చూసి.

"అంతసేపట్నుంచీ పిల్లి పడుకునుంది కదమ్మా, ఆ వేడి" అన్నారు బావగారు.

ఓ పిల్లి ఒంటి వేడికి రెండు టన్నుల బండి కాగుతుందని నాకు ఆ రోజే తెలిసింది. చదువుకున్నాను గానీ ఏం లాభం!

తర్వాత అసలు పరీక్ష మొదలైంది. బావగారు ఇంజిన్ని చూడరు, వింటారు. కళ్ళు మూసుకుని, తల ఓ పక్కకి వాల్చి, కచేరీలో ముందు వరసలో కూర్చున్నట్టు విన్నారు. "సౌండ్ స్మూత్‌గా ఉందిరా!" అన్నారు. మావారు వెనక టైరుని బూటుతో రెండుసార్లు తన్నారు. టైరు ఆయనకేం జవాబు చెప్పిందో తెలీదు గానీ తృప్తిగా తలూపారు.

వాళ్ళ ఏకాగ్రత చెడగొట్టడం ఇష్టంలేక నేను వెళ్ళి డ్రైవర్ సీట్లో కూర్చున్నాను. లోపల అద్దానికి నాలుగు సెంటు బిళ్ళలు వేలాడుతున్నాయి. వాటి సువాసన అడుగున ఇంకో వాసన. ఎండ తగలకుండా ఆరిన దుప్పట్లు పెట్టెలో పెట్టి మరిచిపోతే వస్తుందే, ఆ ముక్కిన వాసన! సీటు బెల్టు పట్టుకుని చివరికంటా లాగాను. లోపల చుట్టుకునుండే భాగమంతా ఎండిన ఒండ్రు. గోటితో గీరితే పొడిపొడిగా ఒళ్ళో రాలింది.

"ఈ బండి వరద నీళ్ళలో మునిగినట్టుందండీ" అన్నాను.

"బెల్టు ఉతికితే పోతుందమ్మా. మనం చూసేది ఇంజిన్ని" అన్నారు బావగారు.

"మేడమ్ గారు భలే నీటు సార్!" అని అమ్మేవాడు నవ్వాడు. బావగారూ నవ్వారు. మావారు నా దగ్గరకొచ్చి గొంతు తగ్గించి, "అన్నయ్య చూస్తున్నాడు కదా! నువ్వు కాసేపు అలా నీడలో కూర్చో" అన్నారు.

ఆ చలిలో, నీడలో!

అయినా కూర్చున్నాను. అక్కణ్ణుంచే టెస్ట్ డ్రైవ్ చూశాను. బావగారు వీధి చివరిదాకా రెండో గేర్లో వెళ్ళి, రెండో గేర్లోనే వెనక్కి తిరిగొచ్చారు. "పికప్ అదిరిపోయింది!" అన్నారు. ఇంకేం కావాలి? బండి మా ఇంటికొచ్చింది.

ఎన్ని సుఖాలనుకున్నారు! ఎడమ ఇండికేటర్ వేస్తే వైపర్లు ఆడతాయి. కాబట్టి వాన కోసం కాచుక్కూర్చోనక్కర్లేదు. కిటికీ అద్దం తనంతట తానే దిగుతుంది, మంచి గాలి కదా! మలుపు తిరిగితే హారన్ దానికదే మోగుతుంది. మా వీధివాళ్ళందరూ గడియారాలు చూసుకోవడం మానేశారు. ఇక చలి బాగా ఉన్న పొద్దున్న బండి అసలు స్టార్టే కాదు. కొత్త బండి కొన్నవాళ్ళకి ఇంత తీరిక దొరుకుతుందా?

అలా నాలుగు పొద్దుటిపూటల వ్యాయామం పోయింది. తర్వాత వెళితే డాక్టరు అత్తగారి మోకాలి దగ్గర కొలబద్ద పెట్టి చూసి, పెదవి విరిచాడు. పోయినసారి వంగినంత కూడా వంగట్లేదు.

"నా కాలూ నీ బండీ పోటీ పడుతున్నాయే! ఏది ముందు బిగుసుకుపోతుందో చూద్దాం" అని ఆవిడ నవ్వారు. ఆవిడ నవ్వారు గానీ నాకు నవ్వు రాలేదు.

మొన్న వంతెన మధ్యలో బండి ఆగిపోయింది. వెనకనుంచి హారన్లు. అత్తగారు వెనక సీట్లో కాలు బారజాపుకుని కూర్చున్నారు. చోటు విషయంలో మాత్రం ఆ బండికి వంక పెట్టలేం. మావారికి ఫోన్ చేస్తే, ఆయన బావగారిని కూడా అదే కాల్‌లోకి కలిపారు.

"ఒకసారి ఫోన్ బానెట్ దగ్గర పెట్టమ్మా, సౌండ్ వింటాను" అన్నారు బావగారు.

"సౌండ్ రావడంలేదు బావగారూ. అదే కదా సమస్య!"

ఆ తర్వాత మావారి గొంతు, కాస్త మెత్తగా: "అసలేమై ఉంటుందంటావ్? నీకేమనిపిస్తోంది?"

విన్నారా! పదకొండేళ్ళ కాపురంలో బండి గురించి ఆయన నన్నడిగిన మొదటి ప్రశ్న. చక్కగా నడిచే బండి కొనుంటే ఇంతటి గౌరవం నాకు దక్కేదా?

జవాబు చెప్పేలోపే అత్తగారు ఇలా తెమ్మని ఫోన్ తీసుకున్నారు. "ఒరేయ్, ఆ అడిగేదేదో కొనేముందే అడిగుంటే ఈపాటికి నా కాలు వంగేది కదరా!"

పెద్దావిడ, ఏదో చాదస్తం. కొనేముందు ఎలా అడుగుతారు? అప్పుడు ఇంజిన్ మోగుతోంది కదా! అది నోరు మూసుకుంటేనే గానీ మా ఇంట్లో నా గొంతు వినపడదు. మొత్తానికి వినపడింది. కాకపోతే అప్పటికి మేమింకా వంతెన మీదే ఉన్నాం, ఆసుపత్రిలో అత్తగారి వంతు దాటిపోయింది.