ఘనమైన ఐసు పెట్టె

పోలీసు యాక్షన్ అయిన మరుసటి ఎండాకాలం. సూర్యాపేట లింగస్వామి పటేలు పొద్దున్నే వేపపుల్ల నములుతూ రేపటి ముచ్చట తలచుకుని మురిసిపోతున్నాడు. రేపు మధ్యాహ్నం కొత్త తాసిల్దారు భోజనానికొస్తాడు. పటేలు ఆయన చేతికి ఐసు వేసిన నిమ్మకాయ షర్బత్ అందిస్తాడు. బజారు బజారంతా నోరు తెరుచుకుని చూస్తుంది. తెరవాలి మరి. హైదరాబాద్ వేలంలో ఐసు పెట్టెను కొని, ఎడ్లబండి మీద ఊరేగించుకొచ్చింది అందుకే కదా.

ఆ పెట్టెకు కరెంటు అక్కర లేదు. అడుగున గ్యాసునూనె దీపం వెలుగుతుంటే పైన మంచు కడుతుంది. ఈ మాట విని ఎదురింటి వడ్ల వ్యాపారి గోపయ్య పొట్ట పట్టుకుని నవ్వాడు.

"కింద మంట పెడితే పైన మంచా? గట్లయితే ఇటుకబట్టీల గూడ మంచు కురవాలె గద పటేలా!"

"తాసిల్దారు గిలాసల ఐసు పడకపోతే నా మీసం గొరిగించుకుంట!" అన్నాడు పటేలు నలుగురిలో.

ఆ మీసం మామూలుది కాదు. పటేలుకున్న వాటిలో తాతలు సంపాదించి పెట్టనిది అదొక్కటే.

తిరకాసు ఏమిటంటే, వారం రోజులుగా పెట్టె మొరాయిస్తోంది. పై అరలో మంచు గోడలా పేరుకుని ఐసు పళ్లెం అందులో ఇరుక్కుపోయింది. కింది అరలో పాలేమో విరిగిపోతున్నాయి. బెజవాడలో పని నేర్చిన మేస్త్రీ తిరుపతయ్య కోదాడలో ఉన్నాడని విని, పటేలు నిన్ననే జీతగాడు మట్టయ్యను అక్కడికి తోలాడు. పటేలు నోట్లో పుల్ల తీయకముందే మట్టయ్య మొదటి బస్సు దిగి వచ్చాడు.

"ఏమన్నడ్రా?"

"మంచు మస్తు పేరుకున్నదట పటేలా. ముందుగాల దీపం ఘనం జెయ్యమన్నడు. మంచు దిగినంక మిగిలింది సూస్త, పగటి బస్సుకు నేనే వస్త అన్నడు."

"గంతేనా! దీపం సిన్నగున్నదని నాకు ముందే అనుమానం."

పటేలు భార్య రాధమ్మ గుమ్మంలోంచి తొంగి చూసింది. "జర ఆగుండ్రి. మా అమ్మ పండుకునే ముంగట 'దీపం ఘనం జెయ్యి బిడ్డా' అంటుండె. ఘనమంటే..."

"నువ్వూకో. మన పెండ్లి ఎంత ఘనంగ జేసిన్రు! ఘనమంటే నాకు తెల్వదా?"

"మీకెంత తెలుసో నాకు గా పెండ్లినాడే తెలిసింది," అని రాధమ్మ వంటింట్లోకి పోయింది.

పటేలు వత్తి ఎత్తాడు. నీలంగా ఉన్న మంట పసుపు పచ్చగా లేచి పొగ చిమ్మింది. అయినా తృప్తి లేదు. పటేలు ఇంట్లో ఘనమంటే ఇంతేనా? బొగ్గుల కుంపటి తెప్పించి పెట్టె వెనకాల పెట్టించాడు. మట్టయ్యను కూర్చోబెట్టి విసనకర్రతో విసిరించాడు. పెట్టె వెనకాలి పొగగొట్టం మసితో నిండి, పొగ గదిలోకి దిగింది. కాసేపటికి పెట్టె కింద నీళ్లు పారాయి.

"సూసినవా! మంచు దిగుతున్నది. ఇంకో గంప బొగ్గులు తేరా!"

రాధమ్మ వచ్చి పెట్టె తలుపు తీసింది. "పొద్దున పెట్టిన వెన్న నెయ్యయింది. ఇగ సకినాలు గూడ దీంట్లనే కాల్సుకుందమా?"

పొగ కిటికీల్లోంచి బజారున పడింది. "పటేలు ఇల్లు అంటుకున్నది!" అని ఎవరో అరిచారు. గోపయ్య నలుగురితో, నాలుగు బిందెలతో ఉరికొచ్చాడు. మొదటి బిందె కుంపటి మీద, రెండోది తాసిల్దారు కోసం పరిచిన కొత్త జంబుఖానా మీద, మిగిలిన రెండూ పటేలు మీద పడ్డాయి. అన్ని నీళ్లలోనూ పెట్టె అడుగున దీపం మాత్రం ఘనంగానే వెలుగుతోంది.

అప్పుడు పగటి బస్సు దిగి తిరుపతయ్య వచ్చాడు. వచ్చి నెత్తి బాదుకున్నాడు.

"ఇదేం పనండీ! దీపం ఘనం చేయమన్నాను కదా?"

"జేసిన గద! ఇంకెంత ఘనం జెయ్యాలె?"

"అయ్యో పటేలుగారూ! ఘనం చేయడమంటే ఆర్పేయడమండీ! దీపాన్ని ఆర్పమని నోటితో ఎవరన్నా అంటారా, అశుభం కాదూ? ఆర్పి తలుపు తీసి పెడితే మంచు దానంతటదే కరిగేది!"

గదిలో ఎవరూ నవ్వలేదు. గోపయ్య కండువా నోట్లో కుక్కుకున్నాడు. పటేలుకు రోషం పొడుచుకొచ్చింది. "గదేదో నేనే ఆర్పుత!" అని మోకాళ్ల మీద వంగి, దీపం మీదికి మూతి పెట్టి ఉఫ్‌మని ఊదాడు. మంట ఒక్కసారి వెనక్కి తిరిగి, ఎడమవైపు మీసాన్ని పలకరించి ఆరిపోయింది.

మిగిలిన సగం మీసంతో తాసిల్దారుకు ఎదురు పోయే ధైర్యం పటేలుకు లేదు. సాయంత్రం మంగలి వచ్చి కుడివైపు కూడా చదును చేశాడు. తిరుపతయ్య గొట్టంలో మసి గీకి, వత్తి కత్తిరించి, గోరంత నీలం మంట పెట్టి పోయాడు.

మర్నాడు మధ్యాహ్నానికి పళ్లెం నిండా ఐసు అద్దంలా కట్టింది. పటేలు తన చేత్తోనే గిలాసలో వేసి తాసిల్దారుకు అందించాడు. ఆయన ఒక గుక్క తాగి, హాయిగా కళ్లు మూసుకుని, "శభాష్! చాలా బాగుంది. ఇక వెళ్లి పటేలుగారిని పిలువు," అన్నాడు.

పక్కనే కూర్చున్న గోపయ్య ఐసు ముక్క బుగ్గన పెట్టుకుని, తాపీగా చప్పరిస్తూ అన్నాడు.

"ఐసు ఘనంగనే ఉన్నది పటేలా. మీసమే ఘనమైంది."