వరదమ్మ గారి సముద్రం: కమిటీ నివేదిక

భూమి మీద మూడు వంతులు నీళ్ళు, ఒక వంతు నేల అని బడిలో చెప్పారు. ఆ ఒక్క వంతులో, నీళ్ళకు వీలైనంత దూరం చూసుకుని గుడియాత్తం వెలిసింది. కాబట్టి మా ఊరివాళ్ళు సముద్రానికి ఊరికే వెళ్ళలేరు. ఎంచుకుని వెళ్ళాలి. ఎంచుకోవాలంటే కమిటీ కావాలి, కమిటీకి కన్వీనర్ కావాలి. ఆ బాధ్యతను ఎవరూ అడగకముందే నేను స్వీకరించాను.

అవసరం మా అమ్మ వరదమ్మ వల్ల వచ్చింది. ఆమెకు డెబ్బై ఒకటి. సముద్రం చూడలేదు. వేలూరు డాక్టరు రెండు మోకాళ్ళూ మార్చాలని, నలభై రోజుల తర్వాత ఒక శుక్రవారం తేదీ ఇచ్చారు. ఆ తర్వాత ఏడాది పాటు ఇసుకలో నడక వద్దన్నారు.

"ఈ కాళ్ళు నావిగా ఉండంగానే ఒగసారి కడల్లో నిలబడల్ల నాయనా," అంది అమ్మ.

"యాడ?"

"కడల్లో."

"అది సరేమ్మా. ఏ బీచ్‌లో?"

అమ్మ మళ్ళీ చిక్కుడుకాయలు తుంచడం మొదలుపెట్టింది. అభిప్రాయం స్పష్టంగా లేదని రాసుకున్నాను. (నేను లుంగీల గోడౌన్‌లో రిజిస్టరు రాసేవాణ్ణి. రాయనిది జరగలేదనే నమ్మకం నాది.)

కమిటీలో నా భార్య మీనా, కూతురు నివేదిత, తొరపాడిలో ఉండే తమ్ముడు జయరామ్ సభ్యులు. సమావేశాలు ఫోన్ గ్రూపులో. ఒక స్మార్ట్‌ఫోన్‌కు ఒక ఓటు. అమ్మది బటన్ ఫోన్ కాబట్టి ఆమెకు ఓటు రాలేదు. అయినా ఆమెను వదిలేయలేదు, లబ్ధిదారుగా చేర్చాం.

నాలుగు బీచ్‌లకు ఓటింగ్ పెట్టాను. నాలుగు ఓట్లు పడ్డాయి. ఒక్కోదానికి ఒక్కటి. ఎన్నికలు ప్రశాంతంగా ముగిశాయని ప్రకటించాను.

తర్వాత నిబంధనలు తయారుచేశాను. దర్శనం లేని ప్రయాణం నా మనసుకు పట్టదు. అందువల్ల నాలుగో నిబంధన ప్రకారం బీచ్‌కు రెండు కిలోమీటర్ల లోపల గుడి ఉండాలి.

"సముద్రాన్ని కూడా దేవుడే చేసినాడు కదప్పా, మళ్ళా గుడి ఎందుకు?" అంది నివేదిత.

మంచి ప్రశ్నే. ఆ రాత్రి నాకు నిద్ర కూడా సరిగా పట్టలేదు. కానీ అజెండాలో లేనందున చర్చకు తీసుకోలేదు.

ఐదో నిబంధన, చేపల వేపుడు వాసన రాకూడదు. దీన్ని జయరామ్ వ్యతిరేకించాడు. "అన్నా, నేను వచ్చేదే ఆ వేపుడు కోసం. అది వద్దంటే నా వ్యాను రాదు," అన్నాడు. వ్యాను అతనిదే కాబట్టి, గాలి ఏ పక్క నుంచి వీస్తుందో చూసి నిర్ణయిద్దామని ఉపసంఘం వేశాం. (ఉపసంఘంలో జయరామ్ ఒక్కడే.)

ఆరో నిబంధన దగ్గర అసలు చిక్కు వచ్చింది. ఆదివారం సాయంత్రం నాలుగున్నర నుంచి ఆరు దాకా రాహుకాలం. మొదటిసారి నీళ్ళలో కాలు పెట్టేది అప్పుడు కుదరదు. నాలుగున్నరకు ముందు ఎండ. ఆరు తర్వాత నీళ్ళలో దిగితే పోలీసు విజిల్. కాబట్టి ఆదివారాల్లో సముద్రం లేనట్టేనని కమిటీ గుర్తించింది. మిగతా రోజుల్లో సభ్యులకు సెలవు లేదు.

ఇరవై ఎనిమిదో రోజున నేను ఫోన్‌లో జనం రాసిన అభిప్రాయాలు చదివాను. ఒకాయన ఒక బీచ్‌కు రెండే నక్షత్రాలు ఇచ్చి, "సముద్రం బాగుంది. నీళ్ళు ఉప్పగా ఉన్నాయి" అని రాశాడు. ఈ ఫిర్యాదును గ్రూపులో పెట్టాను.

"అన్ని సముద్రాలూ ఉప్పేనన్నా!" అని జయరామ్ వాయిస్ పంపాడు.

"ఆధారం ఉండాదా?" అని అడిగాను.

ఎవరి దగ్గరా లేదు. (నేను చెన్నైకి పదకొండు సార్లు వెళ్ళాను. పదకొండు సార్లూ గోడౌన్ పని మీదే, పని కాగానే బస్సెక్కేశాను.) విషయం వాయిదా పడింది.

ముప్పై ఏడో రోజు, మంగళవారం. ఇంకా తెల్లారలేదు. నేను గొడుగుల సంఖ్య మీద తీర్మానం రాస్తున్నాను.

"తంగమ్మతో పోయొస్తా నాయనా," అంది అమ్మ.

"సరేమ్మా," అన్నాను తల ఎత్తకుండా. తంగమ్మ మా వీధిలోనే బీడీలు చుడుతుంది. ఇద్దరూ అప్పుడప్పుడు పరదరామి సంతకు పోతుంటారు. ఆ రోజు సంత కాదన్న సంగతి నాకు తట్టలేదు.

దీపాలు పెట్టాక తిరిగి వచ్చింది. చీర అంచు మోకాళ్ళ దాకా తడిసి ఆరి, తెల్లగా చారలు కట్టి ఉంది. వాకిట్లో కాళ్ళు దులుపుకుంటే ఇసుక రాలింది.

"యాడికి పోయినావమ్మా?"

"కడలికి. తంగమ్మ వాళ్ళ ఆడోళ్ళ సంఘం వ్యానులో ఒగ సీటుండింది."

రిజిస్టరు తెచ్చుకున్నాను. "ఏ బీచ్?"

"పేరు అడగలేదప్పా."

"దగ్గర్లో గుడుందా?"

"ఉండొచ్చు. నేను నీళ్ళకే దండం పెట్టుకున్నా."

"దిగింది ఎన్ని గంటలకి? మంగళవారం రాహుకాలం మూడు నుంచి నాలుగున్నర..."

"గడియారం ఇంట్లోనే ఉండాది చూడు, గోడకి."

గుమ్మంలో నిలబడిన తంగమ్మ నవ్వు ఆపుకోలేకపోయింది. "మాకు కమిటీ లేదన్నా, వ్యానొగటే ఉండాది. అందుకే పోయొచ్చేసినాం," అంది.

బీచ్ పేరు, గుడి, సమయం అనే మూడు గడులూ ఖాళీగా ఉన్నందున, వరదమ్మ గారు సముద్రం చూసినట్టు నమోదు చేయడానికి వీలు కాలేదు.

అమ్మ సంచిలోంచి ఒక సోడా బుడ్డి తీసి నా చేతిలో పెట్టింది. అడుగున కాస్త ఇసుక, పైన నీళ్ళు.

"నువ్వూ చూళ్ళేదు కదా నాయనా," అంది. "పదకొండు తూర్లు పోయి కూడా చూళ్ళేదు. అందుకే పట్టుకొచ్చినా."

అందరూ లోపలికి వెళ్ళాక మూత తీసి ఒక చుక్క నాలుక మీద వేసుకున్నాను. ఉప్పగానే ఉంది. రెండు నక్షత్రాల ఆయన ఫిర్యాదు నిజమేనని రాసుకున్నాను.

శుక్రవారం ఆపరేషన్ బాగా జరిగింది. కమిటీ ఇంకా రద్దు కాలేదు. లబ్ధిదారు అన్న చోట అమ్మ పేరు కొట్టేసి, నా పేరు రాశాను.