పల్చటి గోడకు నా సిఫార్సు

...కాబట్టి గోడలు పల్చగానే ఉండాలంటాను. సిమెంటు మిగుల్చుకున్న మా బిల్డరును అందరూ తిట్టిపోస్తారు. నేను మాత్రం తలచుకుని దండం పెట్టుకుంటాను. ఆయన చలవ లేకపోతే పక్క ఫ్లాట్‌లో పిచ్చి ఎంత ముదిరిందో మనకు తెలిసేదా!

పక్కన ముగ్గురుంటారు. మానసిక వైద్యశాలలో చికిత్స పూర్తయినవాళ్లు. అక్కడే ఉండిపోకుండా నలుగురి మధ్య బతకాలని ఏదో సంస్థ వాళ్లకు ఆ ఇల్లు అద్దెకు తీసుకుంది. ఆ నలుగురిలో నేనొకణ్ణి. ఒంటరివాణ్ణి, ఇంట్లో కూర్చుని రాసుకునేవాణ్ణి. గోడకు చెవి ఆనించే తీరిక నాకు కాక ఇంకెవరికుంటుంది?

విన్నకొద్దీ భయమేస్తుంది. పొద్దున్నే ఒకాయన, పూర్వం టైలరట, "రాత్రి నిద్ర పట్టిందా మాస్టారూ?" అంటాడు. అడిగి ఊరుకోడు, జవాబు వింటాడు! "లేదయ్యా, ఇవాళ మనసేం బాగాలేదు" అంటాడు మాస్టారు. ఆరోగ్యవంతుడెవడైనా అంత మాట పైకి అంటాడా? "ఫైన్" అనేసి లిఫ్ట్ ఎక్కేయడూ? వెంటనే మూడో ఆయన, "మీరు పడుకోండి, గిన్నెలు నేను తోముతాలే" అంటాడు. తన వంతు కాని గిన్నెలు! ఇంకేం రుజువు కావాలి?

నిన్న సాయంత్రం మా అసోసియేషన్ సెక్రటరీగారు వచ్చి, గోడవతల వినపడకుండా గుసగుసగా అన్నారు.

"గోడ పక్కనుండేది మీరే. గొడవగా ఉందని ఒక్క మాట అనండి సార్, ఓనరు రేపే ఖాళీ చేయిస్తాడు. ఎప్పుడు చూసినా ఎవరో ఒకటే గొణుగుడట. కిందవాళ్లకీ నిద్ర లేదు."

స్వయంగా వినండి అన్నాను. ఇద్దరం ఊపిరి బిగబట్టి గోడకు చెవులు ఆనించాం.

"పక్కింటి సారు గొంతు వినపడట్లేదేంటి మాస్టారూ?" టైలర్ గొంతు. "ఈపాటికి గదంతా తిరుగుతూ తనలో తనే మాట్లాడుకుంటుంటాడుగా."

"అవునయ్యోయ్. ఒక్కడే మనిషి, ఒంట్లో ఎలా ఉందో ఏమో!"

"తలుపు కొట్టనా?"

"వద్దులే, మనల్ని చూస్తే హడలిపోతాడు. ఇంకాసేపు చూద్దాం."

సెక్రటరీగారు గోడ వదిలేసి నన్ను చూశారు. రెండడుగులు వెనక్కి జరిగారు కూడా.

"అయితే ఆ గొణిగేది..."

"నేనేనండీ. రాసింది పైకి చదువుకుంటాను."

ఈ బిల్డింగ్‌లో ఇన్నేళ్లున్నాను. నా గొంతు విని విసుక్కున్నవాళ్లున్నారు గానీ, వినపడకపోతే కంగారుపడ్డవాళ్లు వీళ్లే. ఏం చేస్తాం, జబ్బు మనుషులు!

సెక్రటరీగారు గుమ్మం దాకా వెళ్లి ఇంకా అక్కడే నిలబడ్డారు. నేను గోడ మీద వేళ్లతో తట్టాను.

"ఉన్నానండీ," అన్నాను. "ఇవాళ మనసేం బాగాలేదు."