క్రాంకు బయటపెట్టిన గుట్టు

నవ్వనంటే చెప్తాను. నవ్వినా చెప్తాను, ఎలాగూ మా ఆవిడ అందరికీ చెప్పేసింది.

డాక్టరు నా పొట్ట చూసి వ్యాయామం చెయ్యమన్నాడు. నడకంటే నడవాలి కదా! అందుకని ఒంటిచక్రం సైకిలు కొన్నాను. అది నేర్చుకోవడానికి ఏళ్ళు పడుతుంది, అంతవరకూ నన్నెవరూ ఏమీ అనరు.

రోజూ పొద్దున్నే దాన్ని భుజాన వేసుకుని పార్కుకెళ్ళి, బెంచీ మీద గంటసేపు కునుకు తీసి, మొహాన నీళ్ళు చల్లుకుని ఇంటికొచ్చేవాణ్ణి.

"ఎంతవరకు వచ్చిందండీ?" అనేది మా ఆవిడ.

"దూసుకుపోతున్నాననుకో!"

ఈ మాట మా ఎనిమిదేళ్ళ అమ్మాయి విని బడిలో చెప్పేసింది. శనివారం ఆటల పోటీల్లో 'నాన్నగారి ఒంటిచక్రం విన్యాసం' అని టీచరు బోర్డు మీద రాసేసింది. పిల్ల దగ్గర అబద్ధాలకోరుగా తేలిపోతానే!

శుక్రవారం మా ఆవిడ ఇంకో బాంబు పేల్చింది. "కొత్త క్రాంకులు వారం తొక్కితే వదులవుతాయటగా? మీవి అవలేదా?"

చూశాను. పెడల్ని పట్టి ఉంచే ఆ రెండు ఇనప చేతులూ ఇసుమంతైనా కదల్లేదు. సైకిలెత్తుకుని మెకానిక్కు దగ్గరికి పరుగెత్తాను. అందరూ ఆయన్ని బిగింపు బాబాయి అంటారు.

"బాబాయ్, ఇవి కాస్త వదులు చెయ్యి. రేపు బండి పాడైందని చెప్పుకుంటాను."

ఆయన కళ్ళజోడు సర్దుకున్నాడు. "ఇందులో చక్రం మధ్యనుండే హబ్బూ ఇరుసూ ఒకటే ముక్క బాబూ. మామూలు సైకిల్లా కాళ్ళు ఆపితే చక్రం ఊరికే తిరగదు. నడపాలన్నా ఆపాలన్నా కాళ్ళే. ఆ బలమంతా క్రాంకులు బిగించిన ఇరుసు కొసల మీదే పడుతుంది. అందుకే ఉక్కుతో ఇంత లావుగా చేస్తారు. అయినా క్రాంకులు కుదురుకునేదాకా వదులవుతుంటాయి. నేనే మూడుసార్లు బిగించాను."

"మూడుసార్లా? నేనెప్పుడు తెచ్చాను?"

"మీరు తొక్కితే కదా తెచ్చేది! తెచ్చింది మీ ఆవిడగారు."

ఇంటికెళ్ళి నిలదీశాను. "నువ్వు తొక్కుతున్నావా?"

"మీరు ఆఫీసుకెళ్ళగానే, డాబా మీద. పిట్టగోడ పట్టుకుని నేర్చుకున్నాను."

"నేను తొక్కట్లేదని ఎలా తెలిసింది?"

"మీరు తెచ్చే టైరుకి మట్టి లేదు. మీ చొక్కా వెనక మాత్రం బెంచీ చారలు."

కోపం రావాలా, ఏడుపు రావాలా? నాకు మాత్రం ప్రాణం లేచొచ్చింది. "అయితే రేపు నువ్వే తొక్కు తల్లీ!"

"తొక్కుతాను. పిల్లకి నిజం మాత్రం మీరే చెప్పాలి."

నీళ్ళు నములుతూ చెప్పాను. అమ్మాయి నా మెడ చుట్టూ చేతులేసింది.

"హమ్మయ్య! నువ్వు పడిపోతావని వారం నుంచీ భయంగా ఉంది నాన్నా."

శనివారం మైదానం చుట్టూ నాలుగు చుట్లు. చక్రం మీద మా ఆవిడ, చప్పట్లు కొడుతూ మా అమ్మాయి. క్రాంకు వదులైతే బిగించాలని చేతికిచ్చిన స్పానరుతో, ఆయాసపడుతూ పక్కనే పరుగెడుతూ నేను.

అప్పట్నుంచీ రోజూ పొద్దున్నే పార్కులో మాకిదే పని. మొన్న డాక్టరు నన్ను తూకం వేసి తెగ మెచ్చుకున్నాడు, మా ఆవిణ్ణి.