ఇంటి వైఫై విచారణ సంఘం: తుది నివేదిక

నాగరికత అంటే ఇంట్లో ఏ మూల నిలబడినా ఫోన్లో వైఫై గీతలు నిండుగా కనిపించడమేనని మా ఇంటి వైఫై విచారణ సంఘం తన తొలి సమావేశంలో ఏకగ్రీవంగా తీర్మానించింది. ఆ తీర్మానాన్ని సభ్యులందరి ఫోన్లకూ పంపబోతుండగా, అధ్యక్షులవారు అలా నడవాలోకి వెళ్లొచ్చేలోగా వైఫై పోయింది. (సభ్యులందరూ వెనకగదిలో ఒకే సోఫాలో ఉన్నందువల్ల నోటిమాటగా చెప్పుకుని సర్దుకున్నాం.)

సంఘం ఎందుకు పుట్టిందో మనవి చేసుకోవాలి. మా ఇంట్లో వైఫై పెట్టెలు మూడు. ఒకటి హాల్లో, ఒకటి నడవాలో, ఒకటి మా ఆవిడ కూర్చుని పనిచేసుకునే వెనకగదిలో. బిందెలు చేతులు మారినట్టు హాలు పెట్టె నడవా పెట్టెకి, నడవా పెట్టె వెనకగది పెట్టెకి నెట్ అందిస్తాయనీ, దీన్నే మెష్ అంటారనీ బిగించిన టెక్నీషియన్ చిలక్కి చెప్పినట్టు చెప్పాడు. అయినా ఎప్పుడు పడితే అప్పుడు వెనకగదిలో నెట్ పోతుంది. కాసేపటికి దానంతటదే వస్తుంది. పూర్తిగా చెడిపోయిన వస్తువునైతే బాగుచేయించుకోవచ్చు. అప్పుడప్పుడూ చెడిపోయేది మాత్రం టెక్నీషియన్ రాగానే బుద్ధిమంతురాలైపోతుంది.

ఇది ఇలాగే సాగిపోయేదే. కానీ మా ఆవిడ ఓ బీమా కంపెనీలో ఫిర్యాదుల విభాగం అధిపతి పదవికి దరఖాస్తు పెట్టుకుంది. ఏళ్ల తరబడి ఆశపడ్డ పదవి. ఇంటర్వ్యూ ఆన్‌లైన్లో. మొదటిసారి "నా గురించి చెప్పాలంటే" అనగానే నెట్ పోయింది. రెండోసారి "నమస్కారం" దగ్గరే పోయింది. మూడోసారే ఆఖరిసారని కంపెనీవాళ్లు చాలా మర్యాదగా చెప్పారు. ఆ సాయంత్రం ఆవిడ వెలిగించని పొయ్యి ముందు నిలబడి ఏడ్చింది.

"ఏడవకు తల్లీ, నేనున్నాగా. దాని సంగతి నేను తేలుస్తా," అన్నారు మా మామగారు. అలా సంఘం పుట్టింది.

మామగారు కరెంటాఫీసులో లైన్ ఇన్‌స్పెక్టరుగా రిటైరై మాతోనే ఉంటున్నారు. కనుక అధ్యక్షపదవికి పోటీ లేదు. ఎవరూ లేని చోట కరెంటు వృథా కావడం ఆయన సహించలేరు. ఎక్కణ్ణుంచి బయటికొచ్చినా స్విచ్‌లు ఆర్పుతూ రావడం ఆయనకు ఊపిరి తీసుకున్నంత అలవాటు. (లోపల అత్తగారున్నా ఆర్పేస్తారు. "నేను మనిషిని కానా అండీ?" అని చీకట్లోంచి వినిపిస్తుంది.) అత్తగారు వంటింటి ప్రతినిధి. నేను కార్యదర్శిని, బంట్రోతుని కూడా.

ముందుగా వైఫై కంపెనీవారి యాప్‌ను సంప్రదించాం. "మీకు ఇప్పుడు నెట్ లేదా?" అని అడిగింది. లేదు అని నొక్కితే, ఆ జవాబు పంపడానికి నెట్ కావాలంది. నెట్ వచ్చాక నొక్కితే "మీ నెట్ చక్కగా ఉంది, అభినందనలు" అని రంగుకాగితాలు చల్లింది. కస్టమర్ కేర్ అమ్మాయి ఇంకాస్త లోతుకి వెళ్లింది. "సార్, ఒకసారి ఆఫ్ చేసి ఆన్ చేయండి."

స్పీకర్లో వింటున్న మామగారు తల పంకించారు. "ఈ అమ్మాయికి విషయం తెలుసు," అన్నారు.

ఆ తర్వాత ఉత్తర్వులు వరసగా వెలువడ్డాయి. మైక్రోవేవ్ తిరిగితే వైఫైకి అడ్డమని టెక్నీషియన్ అన్నాడు కనుక దాన్ని నిషేధించడమైనది. నీళ్లలోంచి వైఫై సరిగా పోదన్నాడు కనుక చేపల తొట్టిని బాల్కనీకి బదిలీ చేయడమైనది. (చేపల వాదన వినకుండా నిర్ణయం తీసుకోవడం అన్యాయమని అత్తగారు అసమ్మతి తెలిపారు.) పైవాటాలో పళ్ల డాక్టరుగారి వైఫై, మాదీ ఒకే ఛానెల్లో ఉండి తోసుకుంటున్నాయని తెలిసి, మేం రాయబారం వెళ్లాం. ఆయన చాలా మంచివారు. "అయ్యో, నేనే మార్చుకుంటానండీ," అన్నారు. అంత మంచిమనిషిని ఇబ్బంది పెట్టడం బాగుండదని కిందికొచ్చి మేమే మార్చుకున్నాం. ఈలోగా ఆయనా మార్చుకున్నారు. ఇద్దరం మళ్లీ ఒకే ఛానెల్లో తేలాం.

అన్నిటికీ మించి అధ్యక్షులవారి తనిఖీలు. చేతులు వెనక్కి కట్టుకుని గదిగదికీ వెళ్లి పెట్టెల్ని చూసి వచ్చేవారు. తనిఖీలు పెరిగేకొద్దీ నెట్ పోవడమూ పెరిగింది. సమస్య తీవ్రమవుతోందని గ్రహించి ఆయన తనిఖీలు రెట్టింపు చేశారు. మధ్యలో ఆయన తమ్ముడిగారింటికి వెళ్లి ఉన్నన్నాళ్లూ నెట్ నిక్షేపంలా ఉంది. "అధ్యక్షులు లేని సమయంలో సమస్య కూడా గైర్హాజరు కావడం వల్ల విచారణ ముందుకు సాగలేదు" అని నేను రికార్డు చేశాను.

ఇంటర్వ్యూ రోజు రానే వచ్చింది. ఆవిడ వెనకగదిలో తలుపేసుకుంది. నన్ను మైక్రోవేవ్‌కి కాపలా పెట్టారు. మామగారు నడవాలో గస్తీ. వంటింటి గుమ్మంలోంచి నాకాయన కనిపిస్తూనే ఉన్నారు. ఆ చివరిదాకా వెళ్లారు. ఖాళీ కుర్చీని చూశారు. దాని పక్కన వెలుగుతున్న పెట్టెను చూశారు. అటూ ఇటూ చూశారు. మనిషన్నవాడు లేడు. వెనక్కి తిరుగుతూ అరచెయ్యి స్విచ్‌బోర్డు మీద అలా నిమిరారు. టక్కుమంది.

వెనకగదిలోంచి "హలో? హలో, వినిపిస్తోందా అండీ?" అని ఆవిడ గొంతు.

"చూశారా అల్లుడుగారూ, మళ్లీ పోయింది!" అంటూ మామగారు ఒక్క పరుగున వెనక్కెళ్లి, చూడ్డానికి వెలుతురుండాలని అదే అరచేత్తో బోర్డంతా ఆన్ చేశారు. పెట్టె నిద్రలేచి, ఒళ్లు విరుచుకుని, తీరిగ్గా మిణుకుమనడం మొదలుపెట్టింది.

"మామయ్యగారూ... ఆ స్విచ్ ఆర్పింది మీరేనండీ."

"ఎవరూ లేనిచోట ఆర్పకేం చేస్తాం?"

"దానికే కదండీ వైఫై పెట్టె ఉంది."

ఆయన నన్ను జాలిగా చూశారు. "వైఫైకి కరెంటెందుకయ్యా? అది గాల్లో కదా వచ్చేది!"

ఒక జీవితకాలం కరెంటాఫీసులో గడిపిన మనిషి.

నెట్ వచ్చేసరికి అటువైపు ఇంటర్వ్యూ ముగించేసి వెళ్లిపోయారు. ఆవిడ ఖాళీ తెరను చూసి లాప్‌టాప్ మూసేసింది.

వారం తిరక్కుండా కంపెనీ నుంచి ఫోన్ వచ్చింది. ఉద్యోగం ఆవిడకే. "ఖాతాదారు మీ మీద అరిస్తే ఏం చేస్తారు?" అని అడిగి, నటించి చూపిస్తూ అధికారులు వంతులవారీగా అరిచారట. నెట్ పోయి వాళ్ల తెర మీద ఆవిడ బొమ్మ అప్పటికే బిగుసుకుపోయింది. చిరునవ్వు చెదరలేదు, రెప్ప వాలలేదు, ఎదురుమాట లేదు. ఇంతటి నిబ్బరం తమ సంస్థ చరిత్రలోనే చూడలేదన్నారట.

మామగారి కళ్లు చెమర్చాయి. "నేను దగ్గరుండి చూసుకున్నా కాబట్టే కదా, తల్లీ?"

అప్పటికే నేనావిడకు జరిగిందంతా చెప్పేశాను. ఆవిడ నాన్న మొహంలోకి చూసింది, నా మొహంలోకి చూసింది, మళ్లీ నాన్న మొహంలోకి చూసింది. "అవును నాన్నా. నీ వల్లే వచ్చింది," అంది.

ఆ స్విచ్ మీద నేను టేపు అంటించాను. స్విచ్‌కి టేపు వేయడం నిబంధనలకు విరుద్ధమని అధ్యక్షులవారు పీకేశారు. నెట్ పోయిన ప్రతిసారీ ఆ స్థలంలో ఆయన స్వయంగా హాజరై ఉన్నట్టు రికార్డుల్లో తేలినందున, ఇంతటి అంకితభావానికి సంఘం తన అభినందనలు తెలుపుతోంది.

కొత్త ఉద్యోగం పూర్తిగా ఇంటి నుంచే చేయాలట. కాబట్టి విచారణ సంఘం గడువును మా ఆవిడ రిటైరయ్యేదాకా పొడిగించడమైనది.