మూడో ప్రమాద హెచ్చరిక ఉపసంహరణ

బాగా పాడే అమ్మాయి బ్యాండ్ వదిలేసి వెళ్లిపోవడం, మిగిలినవాళ్లు ఓ చప్పటి ఆల్బమ్ తీసుకురావడం... ఇంతకు మించిన లోకకల్యాణం ఇంకోటి లేదని ఘంటాపథంగా చెబుతున్నాను. నవ్వకండి!

మా రాజమండ్రిలో 'మూడో ప్రమాద హెచ్చరిక' అని ఓ రాక్ బ్యాండ్ ఉంది. గోదావరి బాగా పొంగినప్పుడు ధవళేశ్వరం దగ్గర జారీ చేస్తారే, ఆ పేరే పెట్టుకున్నారు. నలుగురు కుర్రాళ్లు, సాయిదుర్గ అని ఓ అమ్మాయి. మా మేడ మీద గది అద్దెకు తీసుకుని ప్రాక్టీసు చేస్తారు. ఆ అమ్మాయి గొంతెత్తిందంటే మా ఆవిడ వరహాలక్ష్మి పొయ్యి మీద పాలు మరిచిపోయి మెట్ల మీద కూర్చునేది. రోజూ పాలు పొంగిపోవడమే! ఇదేం సంసారమో మీరే చెప్పండి.

మొన్న వేసవిలో సాయిదుర్గ బ్యాండ్ మానేసింది. గిటార్ వాయించే కిరణ్ కుమార్ పాటలన్నీ తనే పాడేసి కొత్త ఆల్బమ్ విడుదల చేశాడు. అంతే! ఆనాటి నుంచి మా ఇంట్లో పాలు పొంగితే ఒట్టు.

ప్రయోజనాలు అక్కడితో ఆగాయా? భీమవరం వైపు మా బావమరిది జగన్నాథరావుకి చేపల చెరువులున్నాయి. కొంగల్ని తోలడానికి టపాసులు కాల్చి కాల్చి విసిగిపోయాడు. ఈ ఆల్బమ్‌లో రెండో పాట స్పీకర్లో పెట్టాడు. కొంగలు కొల్లేరు దాకా వెనక్కి తిరిగి చూడలేదట! చేపలు కూడా కొన్ని గట్టెక్కి వెళ్లిపోదామని చూశాయట గానీ, అది వేరే విషయం.

సంగీతం వింటే మొక్కలు ఏపుగా పెరుగుతాయంటారు కదా? కడియం నర్సరీలో ఓ మిత్రుడికి ఈ ఆల్బమ్ వినిపించమని ఇచ్చాను. కలుపు దానంతటదే వాడిపోయింది. ఇంకా మందు కొట్టడం దేనికండీ? నిద్ర పట్టనివాళ్లకి నాలుగో పాట దివ్యౌషధం. నిద్రపోయినవాళ్లని లేపడానికి కూడా అదే వాడొచ్చు!

ఇంత మేలు ఎవరి చలవ? సెల్‌ఫోన్‌ది!

మా గోదావరి జిల్లాల్లో మనిషి 'వెళ్తానండి' అంటే వెళ్తానని కాదు. 'అదేంటండీ, అప్పుడేనా!' అని చెయ్యి పట్టుకోవాలి. ఆయన 'పనుందండి' అనాలి. 'పన్లెప్పుడూ ఉండేవేగా, కూర్చోండి' అనాలి. చెప్పులేసుకున్నాక కూడా ఓసారి వెనక్కి లాగాలి. ఎంత కాలహరణం!

సాయిదుర్గ వాట్సాప్ గ్రూపులో 'ఇక నేను మానేస్తానండి' అని మెసేజ్ పెట్టింది. నలుగురూ తలో బొటనవేలు బొమ్మ పెట్టేశారు. పని పూర్తి! చెయ్యి పట్టుకుని ఆపాల్సిన వేలు చక్కగా పైకి లేచి నిలబడింది.

"అదేంటయ్యా, ఎందుకూ అని ఒక్క మాటైనా అడగలేదా?" అన్నాను కిరణ్ కుమార్‌తో.

"తన నిర్ణయాన్ని గౌరవించాలి కదండీ బాబాయ్ గారూ!" అన్నాడు.

ఎంత సంస్కారం! నాకు కళ్లు చెమర్చాయి.

ఈమధ్య అరటి గెల కొందామని రావులపాలెం మార్కెట్‌కి వెళితే సాయిదుర్గే కనిపించింది. ఆ పక్క ఊరే వాళ్లది. ఎందుకు మానేశావమ్మా అని అడిగాను.

"మానేద్దామని కాదండి. ప్రాక్టీసు అయ్యేసరికి చీకటి పడిపోతోంది. ఇక్కడ బస్సు దిగాక మా ఊరికి ఆటోలుండవండి. ఓ గంట ముందు మొదలెట్టమని అడగడానికి మొహమాటమేసింది. మానేస్తానంటే ఎవరో ఒకరు ఎందుకూ అంటారు కదా, అప్పుడు చెబుదామనుకున్నానండి."

గెలలకేసి తిరిగి, "ఎవరూ అనలేదండి," అంది.

"పోనీ ఇప్పుడు నువ్వే వచ్చి చెప్పొచ్చుగా?"

"పిలవకుండా ఎలా వస్తానండీ?"

ఇప్పుడెక్కడైనా పాడుతున్నావా అంటే లేదని తల ఊపింది. నాకు నిజంగా బాధేసింది. గెల కొనకుండానే బస్సెక్కేశాను.

ఇంటికొచ్చేసరికి కిరణ్ కుమార్ మెట్ల దగ్గర ఎదురయ్యాడు. విషయం చెబుదామని నోరు తెరిచాను.

"బాబాయ్ గారూ! రెండో ఆల్బమ్ మొదలెడుతున్నామండి. ఈసారీ నేనే పాడతాను. మొదటిది ఎవర్నడిగినా చాలా బాగుందంటున్నారండి. మీకెలా ఉందండి?"

ఆ మొహం చూడాలి మీరు, దీపావళి మతాబులా వెలిగిపోతోంది. ఎవరికైనా ఏం చెప్పబుద్ధేస్తుంది?

"అద్భుతం నాయనా!" అని లోపలికొచ్చి తలుపేసుకున్నాను.

పాఠకులారా, క్షమించాలి. ఇంతసేపూ నేను మాట్లాడుతున్నది మీతో కాదు. ఒరే కిరణ్ కుమార్! మా గుమ్మంలో పేపరు నాకన్నా ముందు చదివేది నువ్వేగా? ఆ ఆల్బమ్ ఏమీ బాగాలేదురా. మొహం మీద చెప్పలేక పేపర్లో రాస్తున్నాను. ఇది చదివాక నా దగ్గరికి రాకు, నాకు సిగ్గు. ప్రాక్టీసు టైము మార్చి, తిన్నగా రావులపాలెం బస్సెక్కు.

పిలిస్తే ఆ అమ్మాయి రానంటుంది. సరేననేసి వచ్చేయకు!