నాలుగు వరుసల ఆధారం

శుక్రవారం ఉదయం లైబ్రేరియన్ వేసుకున్న పథకం చాలా చిన్నది. ఎనిమిదింటికి టీ తాగడం, ఎనిమిదింపావుకి వంశవృక్షం సైటు తెరిచి ఒక్క చుక్క పెట్టడం, ఎనిమిదిన్నరకి వంటింటి కుళాయికి వాషర్ మార్చడం. కుళాయి వారం రోజులుగా కారుతోంది. దాని కింద పెట్టిన గిన్నె పారబోయలేక భార్య చేతులు పడిపోతున్నాయి. ఆయనకి మాత్రం ఆ చప్పుడే వినబడదు.

ముప్ఫై ఆరేళ్లు లైబ్రరీలో కార్డులు రాసి రిటైరైన మనిషి. ముందు ఆధారం, తర్వాతే విషయం అనేది ఆయన మతం. భార్య కిటికీలోంచి చూసి "వానొచ్చేలా ఉందండీ" అంటే, "ఎవరన్నారు?" అని అడిగే రకం. అలాంటి మనిషికి ఎవరైనా వంశవృక్షం అప్పజెబుతారా? ఆ కుటుంబంలో అప్పజెప్పారు.

ఆదివారంతో ఆయన మేనత్తకి తొంభై నిండుతాయి. "బహుమతులూ గిహుమతులూ నాకొద్దురా. మా అమ్మ పేరు టీవీలో పెద్ద పెద్ద అక్షరాలతో చూపించు చాలు" అని ఆవిడ ఒకే ఒక్క కోరిక కోరింది. వాళ్లమ్మ, అంటే లైబ్రేరియన్‌కి నాన్నమ్మ, మేనత్తకి ఎనిమిదేళ్లప్పుడే పోయింది. లైబ్రేరియన్ వాళ్ల నాన్న అప్పటికి పాకుతున్నాడు. ఫోటో లేదు. ఉన్న కాస్త కాగితాల్లోనూ 'ఫలానా వారి భార్య' అనీ, 'పిల్లల తల్లి' అనీ ఉందే తప్ప పేరెక్కడా లేదు. ఆ పేరు తెలిసిన ప్రాణి ఈ భూమ్మీద మేనత్త ఒక్కతే. ఆవిడ కూడా దాటిపోతే అంతే సంగతులు. అది తలుచుకుంటే లైబ్రేరియన్‌కి నిజంగానే గుండె కలుక్కుమనేది.

అందుకే బుధవారం నాడు ఆయనా, వాళ్ల వదినగారూ కలిసి మేనత్త ఇంటికి వెళ్లి, ముందుగదిలో కూర్చుని, ఆవిడ చేత ఆ పేరు చెప్పించుకొచ్చారు. వదినగారంటే అన్నగారి భార్య. కోర్టులో స్టెనోగా పనిచేసి రిటైరైన మనిషి, షార్ట్‌హ్యాండ్ పుస్తకం లేకుండా గడప దాటదు. ఆ సాయంత్రమే లైబ్రేరియన్ సైటులో నాన్నమ్మకి ఒక పుట తెరిచాడు. పేరుండాల్సిన గడిలో ప్రస్తుతానికి 'నాన్నమ్మ' అని పెట్టి, అసలు పని, అంటే ఆధారం గడి, పట్టుకున్నాడు. "మేనత్త. ముఖాముఖి సంభాషణ. ఆమె ఇంటి ముందుగది. బుధవారం ఉదయం" అని రాసి, చివర చుక్క పెట్టడం మర్చిపోయి, రెండు రాత్రులు సరిగ్గా నిద్రపోలేదు.

శుక్రవారం ఆ చుక్క పెడదామని పుట తెరిస్తే ఏముంది? "వాంగ్మూలం: సాక్షి (మేనత్త, వయసు 89), సాక్షి నివాసంలో, ఇరువురి సమక్షంలో నమోదు చేయబడినది" అని ఉంది. ఆయన టీ గ్లాసు ఠక్కున కింద పెట్టి ఫోనందుకున్నాడు.

"వదినా, నా ఆధారం మీద చెయ్యేసింది మీరేనా?"

"నేనే. బుధవారమే చెప్పానుగా, సంభాషణేమిటి మరిదిగారూ, మనమేమన్నా కాలక్షేపానికి వెళ్లామా? మనిషి నోటితో చెప్పింది వాంగ్మూలమే."

"అత్తయ్యేమన్నా దొంగతనం కేసులో ఇరుక్కుందా వాంగ్మూలానికి?"

"ఇరుక్కోకపోయినా పద్ధతి పద్ధతే."

ఆయన మార్చాడు. ఆవిడ తిరిగి మార్చింది. ఆయన మళ్లీ మార్చి పక్కన 'దయచేసి ముట్టుకోవద్దు' అని రాశాడు. ఆవిడ 'దయచేసి'కి ముందు 'అభ్యంతరం' అని చేర్చింది. పదకొండింటికల్లా గొడవ మాటల్లోంచి కామాల్లోకి దిగింది. పన్నెండింటికి బ్రాకెట్లు గుండ్రంగా ఉండాలా, చదరంగా ఉండాలా అన్న దగ్గర ఇద్దరూ ఒంటికాలి మీద లేచారు. భార్య వచ్చి గిన్నె నిండిందని చెప్పింది. "ఒక్క బ్రాకెట్టు" అన్నాడు ఆయన.

ఆ సైటుకి ఒక నియమముంది. ఒకే ఆధారాన్ని ఒకే రోజు ఇరవైసార్లు మారిస్తే, ఇందులో ఏదో తిరకాసుందని అనుకుని, ఆ మనిషి పుటకి తాళం వేసి కనబడకుండా దాచేస్తుంది. కొట్లాడుకున్న వాళ్లిద్దరూ, వాళ్లతోపాటు మూడో మనిషీ ఒకే మాట మీదికొస్తే గానీ తియ్యదు. మధ్యాహ్నం రెండున్నరకి వదినగారు పెట్టిన చదరం బ్రాకెట్టు ఇరవయ్యోది. నాన్నమ్మ మాయమైపోయింది.

మాయమైతే మాయమైంది, ఊరుకుందా? తల్లి పోయేసరికి మేనత్త కొమ్మ విరిగి పక్కన పడింది. సైటు తన ధర్మం తాను మర్చిపోకుండా కుటుంబంలో అరవై మందికీ ఉత్తరం కొట్టింది: "మీ మేనత్తగారితో మీ కుటుంబ సంబంధం తొలగించబడింది. మార్పు చేసినవారు: లైబ్రేరియన్." చేసింది వదినగారైనా, పుట తెరిచిన పాపం ఆయనది కదా.

అయిదు నిమిషాల్లో ఫోను మొదలైంది. ఒకరు ఆస్తి తగాదానా అన్నారు. ఒకరు మేనత్తని పెంచుకున్నారటగా, ఇన్నాళ్లూ ఎందుకు దాచారన్నారు. ఇంకొకరు, "తెంచుకున్నది తెంచుకున్నావు, తొంభయ్యో పుట్టినరోజు దాకా ఆగలేకపోయావా?" అని కడిగేశారు. ఏడోది మేనత్త కొడుకు దగ్గర్నుంచి. మందుల షాపు నడిపే బావ. మామూలుగానే గొంతు పెద్దది, కోపమొస్తే షాపులో సీసాలు గలగలమంటాయి.

"ఏరా, మా అమ్మ నీకేమీ కాదటగా?"

"అయ్యో బావా, అది కాదు, బ్రాకెట్టు..."

"బ్రాకెట్టూ లేదు, బొంగూ లేదు. పొద్దున్నించీ అమ్మ టీవీ తుడిపించుకుని కూర్చుంది, వాళ్లమ్మ పేరొస్తుందని. ఆ పేరు చూపించగలిగితేనే ఆదివారం గుమ్మం తొక్కు. లేదంటే నీ మొహం చూపించకు."

లైబ్రేరియన్ మొహం మాడిపోయింది. మేనత్త టీవీ తుడిపించుకోవడం కళ్లముందు కదిలింది. సిగ్గేసింది. ఆ సిగ్గుతోనే, మూడో మనిషివి నువ్వే కావాలని బావ కాళ్లావేళ్లా పడ్డాడు.

శనివారం మందుల షాపు కౌంటరు మీద పంచాయితీ జరిగింది. దగ్గు మందు అడగడానికి వచ్చిన వాళ్లు కాసేపు నిలబడి విని, మందు మర్చిపోయి వెళ్లారు. బావ ఇద్దరినీ చెరో పక్కన కూర్చోబెట్టి, చాలా న్యాయంగా మొదలుపెట్టాడు. "నాకు మీ ఇద్దరి పద్ధతులతో పనిలేదు. తల్లి పేరు రావాలి, అంతే."

"అంతే" అన్నారు ఇద్దరూ.

"ఇంతకీ ఆ ఆధారం ఏదీ, చూపించండి." చూశాడు. కళ్లజోడు సర్దుకున్నాడు. "ఇదేమిటి, దీనికి బ్యాచ్ నంబరేదీ?"

ఇద్దరూ తెర మీదికి వంగి వెతికారు.

"నంబరు లేని సరుకు నేను షెల్ఫులోకి ఎక్కించను. రేపు తేడా వస్తే ఏ దాంట్లోంచి వచ్చిందని వెతుకుతాం? అలాగే ఎప్పటి వరకు చెల్లుతుందో కూడా ఉండాలి."

"మాటకి గడువేంటన్నయ్యా?" వదినగారు గుడ్లు తేలేసింది.

"మరి మా అమ్మకి తొంభై కదమ్మా!"

ఇక ముగ్గురూ మొదలుపెట్టారు. సాయంత్రం షట్టరు దించే వేళకి, ఎవరి పరువూ పోకుండా, సంభాషణా వాంగ్మూలమూ రెండూ ఉండేలా, గుండ్రం బ్రాకెట్లో చదరం బ్రాకెట్టుతో, బ్యాచ్ నంబరు ఒకటితో, 'గడువు: శాశ్వతం' అనే మాటతో నాలుగు వరుసల ఆధారం తయారైంది. ముగ్గురూ అంగీకారం నొక్కారు. తాళం ఊడింది. అరవై మందికీ మళ్లీ ఉత్తరం వెళ్లింది: మేనత్త తిరిగి మేనత్తయింది. వదినా మరిదీ ఒకరి పద్ధతినొకరు మెచ్చుకుంటూ ఇంటికి నడిచారు. అంత ఆనందం వాళ్లకి ఉద్యోగంలో ఉన్నప్పుడు కూడా లేదు.

ఆదివారం పదింటికల్లా మేనత్త ముందుగది జనంతో నిండిపోయింది. ఆవిడ టీవీకి మూరెడు దూరంలో కుర్చీ వేయించుకుని, చేతిలో భూతద్దం పట్టుకుని కూర్చుంది. చీర కొంగు సరిచేసుకుంది, ఎవరో పెద్దమనిషి ఎదురుగా వస్తున్నట్టు. లైబ్రేరియన్ గొంతు సవరించుకుని పుట తెరిచాడు.

నాలుగు వరుసల ఆధారం టీవీ నిండా పరుచుకుంది. చప్పట్లు మోగాయి. మేనత్త భూతద్దం అడ్డం పెట్టి, మొదటి అక్షరం నుంచి చివరి చుక్క దాకా నిదానంగా చదివింది. ఆపైన, పైనున్న గడిలో 'నాన్నమ్మ' అన్న మాట చదివింది. భూతద్దం ఒళ్లో పెట్టుకుంది.

"ఒరేయ్, నేనే చెప్పానని నాలుగు వరుసలు రాశారు. ఏం చెప్పానో రాయలేదేంరా?"

లైబ్రేరియన్ వదినగారి వైపు చూశాడు. "షార్ట్‌హ్యాండ్‌లో మీరు రాసుకున్నారు కదా?"

"కార్డు మీద మీరు రాశారనుకున్నాను!" వదినగారు గబగబా పుస్తకం తిప్పింది. బుధవారం పేజీలో స్థలముంది, తేదీ ఉంది, సమయముంది, 'సాక్షి చెప్పడం ప్రారంభించింది' అని ఉంది. కింద అంతా తెల్లకాగితం.

"రెండుసార్లు చెప్పాను" అంది మేనత్త. "మొదటిసారి, 'ఆగు అత్తయ్యా, ముందు తేదీ రాసుకోనీ' అన్నావు. రెండోసారి చెబుతుంటే సంభాషణా, వాంగ్మూలమా అని ఇద్దరూ అరుచుకుంటున్నారు. ఎనభై రెండేళ్ల తర్వాత మా అమ్మ పేరు పైకి అన్నాన్రా, ఒక్కరూ వినలేదు."

లైబ్రేరియన్ కళ్లల్లో నీళ్లు తిరిగాయి. వెళ్లి మేనత్త కుర్చీ పక్కన నేల మీద చతికిలబడ్డాడు. "తప్పయిపోయింది అత్తయ్యా. చెప్పు. ఏమీ అడగను."

ఆవిడ చెప్పింది. ఈసారి అందరూ విన్నారు. ఆయన జన్మలో మొదటిసారి, ఆధారం లేకుండా, ఆ గడిలో ఆ పేరు కొట్టాడు. టీవీలో పేరు పెద్దగా వెలిగింది. మేనత్త లేచి వెళ్లి, చిన్నపిల్ల తన తల్లి చెంప తడిమినట్టు అరచేత్తో దాన్ని తడిమింది. "అదేనమ్మా" అంది, ఎవరితోనో. బావ ముక్కు చీదుకున్నాడు. వారం పైగా కుళాయి కింద గిన్నె పారబోస్తున్న భార్య కూడా ఆయన్ని క్షమించేసింది.

అప్పుడు పేరు కింద ఎర్రగా ఒక వరుస వచ్చింది: "ఈ మార్పుకి ఆధారం చూపండి."

లైబ్రేరియన్ వదినగారి వైపు చూశాడు. వదినగారు పుస్తకం తెరిచింది. బావ జేబులోంచి పెన్ను తీశాడు.

ఆ పేరేమిటో ఇక్కడ చెప్పాలనే ఉంది గానీ, దానికి ఆధారం ఎలా రాయాలో ఆ ముగ్గురూ ఇంకా తేల్చలేదు.